ర్యాంపు వేశాక

ఫుట్‌బాల్ మైదానంలో గ్యాలరీకి కొత్తగా ర్యాంపు వేశారు. మొదటి మ్యాచ్ రోజున చక్రాల కుర్చీలో పైకి వచ్చిన పెద్దాయన్ని చూసి గేటు కాపలాదారు ఎదురొచ్చాడు.

"ఒక్కరే ఎక్కేశారే బాబాయ్! మీ స్నేహితులేరీ?"

"రాలేదు. మెట్లున్నప్పుడు నన్ను కుర్చీతో సహా ఎత్తుకొచ్చేవాళ్ళు. ఎలాగూ వచ్చాం కదా అని ఆట చూసి పోయేవాళ్ళు."

"మరివాళ?"

"ఫోన్ చేశాను. 'ఇంకేం, ర్యాంపు వేశారుగా, నీకు మాతో పనేముంది' అన్నారు. సంతోషంగానే అన్నారు పాపం."

"ఆ ర్యాంపు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మీరే కదా!"

"మళ్ళీ అయినా తిరుగుతాను. పదిమందిలో మోయించుకోవడం నామోషీరా. కాకపోతే, వాళ్ళు నాతో కూర్చోడానికి కూడా వస్తున్నారనుకున్నాను."

"దిగేటప్పుడు నన్ను పిలవండి, పట్టుకుంటాను."

"దిగడం నాకు కష్టం కాదు. కాసేపు ఇక్కడ కూర్చోగలవా?"

"గేటు వదిలి రాకూడదు బాబాయ్. హాఫ్‌టైంలో వస్తాను."

"సరే, రా. పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది."