బుగులు దించే గుట్ట

వరంగల్ నుంచి రఘునాథపల్లి వైపు పోయే దారికి ఎడంగా ఒక గుట్ట. పైన, బండ నెర్రెలో నరసింహస్వామి గుడి. పొద్దు వాలుతోంది. ఇనుప గేటుకు లోపలివైపు ఇద్దరే ఆడవాళ్లు: సమ్మమ్మ, ఆమె కోడలు కావ్య.

“గొళ్లెం గట్టిగ వెట్టినవా?”

“పెట్టిన అత్తమ్మ. మెల్లగ మాట్లాడు.”

“ఏడున్నదది?”

“మెట్ల మీదనే. కొబ్బరికాయలు కొట్టేకాడ. చిప్పలు తింటాంది.”

“ఒక్కటేనా? పిల్లలున్నయా? పిల్లలుంటె మీదికొస్తదే.”

“ఒక్కటే కనవడ్తాంది. నేను చూడలేకపోతాన.”

“ఇటు రా, నా పక్కన కూసో. గుడ్డెలుగు ఉత్తగ మనిషి జోలికి రాదు. చిప్పల కోసమొచ్చింది. తిన్నంక దాని తొవ్వ అది పోతది.”

“పోకపోతె?”

“పోతది.”

“పోకపోతే అత్తమ్మ? చీకటైతాంది. టైమెంతైంది? జర చూడు.”

“టైమేం జేస్తవే? బస్సు పోతె ఆటో దొరుకుతది.”

“అది కాదు. ఆయన డ్యూటీ దిగి వచ్చేవరకు నేను ఇంట్ల ఉండాలె.”

“వానికాడ తాళంచెవి లేదా?”

“ఉన్నది.”

“మరి?”

“ఏం లేదు. ఉండాలె, గంతే.”

“ఇప్పుడు గా ముచ్చటెందుకు గని, గుడి అయ్యగారికి ఫోన్ కొడుదాం. కింద ఊర్లనే ఉంటడు. అరే, సిగ్నల్ లేదు గదనే.”

“ఈ బండ మూలకు రా. ఒక్క గీత వస్తాంది. అగో, రింగయితాంది.”

“అయ్యగారూ! నేను, సమ్మమ్మను. నీళ్ల మొక్కుకు వచ్చినం గదా, అత్తాకోడండ్లం. ఇంక గుట్ట మీదనే ఉన్నం. గుడ్డెలుగొచ్చింది. మెట్లకాడ కూసున్నది… గుళ్లెనే ఉన్నం, గేటు లోపట. ఆఁ. ఆఁ. జల్ది రాండ్రి అయ్యగారు, ఈ పిల్ల బుగులుతోనే సచ్చేటట్టున్నది… హలో? హలో?”

“ఏమన్నడు?”

“ఊరోళ్లను డప్పులతోని తోలుకొస్తడట. సప్పుడుకు ఉరుకుతదట. అందాక గేటు తియ్యద్దన్నడు. మా హరికృష్ణకు గూడ ఫోన్ చేస్త అన్నడు.”

“ఆయనకెందుకు?”

“ఎందుకేందే? వాని తల్లి, వాని పెండ్లాం గుట్ట మీద ఇరుక్కుంటె వానికి చెప్పరా?”

“వద్దు అత్తమ్మ. వద్దని చెప్పు. మళ్ల కొట్టు ఫోన్. నేనిటు వచ్చినట్టు ఆయనకు తెల్వదు.”

“చెప్పకుండ వచ్చినవా?”

“చెప్తె రానియ్యడు. దవాఖానకు పోతానని చెప్పిన. కొట్టు అత్తమ్మ, జర కొట్టు, నీ కాల్మొక్త.”

“కలుస్తలేదు, సిగ్నల్ పోయింది. గుడికొచ్చినందుకు గింత గోజారుడేందే? నేనే చెప్త వానికి, నేనే తోలుకపోయిన అని… ఉష్! ఏందా సప్పుడు?”

“పైకొస్తాంది. అత్తమ్మ, గేటుకాడికే వస్తాంది!”

“ఎనకకు రా. సామి ఎనకకు రా. మాట్లాడకు.”

“దీపం నూనె వాసనకు…”

“మాట్లాడకంటె. ఊపిరి గట్టిగ ఇడువకు.”

“…”

“నర్సింహసామీ, మళ్లొస్త, మళ్ల నీళ్లు పోస్త, ఈ పిల్లను కాపాడు… పోతాంది. చూడు, ఎనకకు మర్లింది.”

“పోలే. అరుగు కింద పండుకున్నది.”

“పండనియ్యి. డప్పులొచ్చేదాంక గిట్లనే కూసుందాం.”

“ఏదన్న చెప్పు అత్తమ్మ. మాట్లాడుకుంట ఉండు. ఊకుంటె నా గుండె సప్పుడే నాకు వినవడ్తాంది.”

“ఏం జెప్పాలె?”

“ఏదన్న. నన్ను ఈ గుట్టకే ఎందుకు తోలుకొచ్చినవ్?”

“దడుసుకున్నవని. పోయిన వారం హనుమకొండల మీ ఇంటికొచ్చిన్నాడు గిన్నె కిందవడితె పోయి గోడకు అతుక్కుంటివి. బయట బండి సప్పుడైతె చేతిల అన్నం బుక్క చేతిలనే ఉండె. ఏదో గాలి సోకిందనుకున్న. దడుసుకున్నోళ్లను మా దిక్కు ఈడికే తెస్తరు.”

“ఈడ ఏమైతది?”

“రాక్షసున్ని చీల్చిండు గదా సామి. గీ యాల్లనే, పగలు గాదు రాత్రి గాదు, గడప మీద కూసోని. చీల్చినంక గూడ కోపం సల్లారలేదట. దేవతలంత బుగులువడి ఉరికిండ్రు. లచ్చుమమ్మ గూడ దగ్గరికి పోలే. గర్జించుకుంట, గుట్టలన్ని తిరుక్కుంట ఈడికొచ్చి, ఈ బండను గోర్లతోని చీరి లోపటికి జొచ్చిండట. అగో, గోడకు గీతలు చూడు.”

“గవి గోర్లేనా?”

“అట్లనే చెప్పిండ్రు మాకు. ఇగ ఎవ్వలు పోకపోతె ప్రహ్లాదుడు పోయిండు. గింత పిలగాడు. నెర్రెల నుంచి ఊట కారుతాంది సూడు, గా నీళ్లు దోసిట్ల వట్టి సామి నెత్తిన పోసిండు. సామి సల్లవడి, పిలగాన్ని తొడ మీద కూసోవెట్టుకొని, ‘నీ బుగులంత ఈడ ఇడిశిపెట్టి దిగిపో, దాన్ని నేను మింగుత’ అన్నడట. అందుకే ఈడ నీళ్లు పోసుడే మొక్కు. దేవునికి మనమేం ఇచ్చేది లేదు. మన బుగులే ఆయనకు ఇయ్యాలె.”

“ఆ పిలగానికి సింహం మొఖం చూస్తె బుగులు కాలేదా?”

“కాలేదట.”

“ఎందుకు?”

“భక్తి బిడ్డ.”

“భక్తి కాదు అత్తమ్మ.”

“మరేంది?”

“అంతకన్న పెద్ద బుగులు ఇంట్లనే చూసిండు గదా. కన్నతండ్రే పాములతోని కరిపిచ్చిండు, ఇషం తాపిచ్చిండు, కొండ మీదికెళ్లి తోపిచ్చిండు. గవన్ని చూసినోనికి బయటి మృగం ఏం లెక్క?”

“గట్లెందుకంటానవ్?”

“ఊకెనే.”

“కావ్య. ఇటు చూడు.”

“ఆ రాక్షసునికి గూడ తల్లి ఉంటది గద అత్తమ్మ. హిరణ్యకశిపునికి. ఆమె ఏం జేసింది?”

“ఆమె ముచ్చట మాకు ఎవ్వలు చెప్పలే.”

“ఎందుకు చెప్పలే?”

“ఏమో. ఎవ్వలడుగలే. చెయ్యెందుకు దాసుకుంటానవ్? గింత ఎండలల్ల గీ నిండు చేతుల జాకెట్ ఏందే? పైకి గుంజు.”

“వద్దు.”

“గుంజు, నేను చూడాలె.”

“చూడకు అత్తమ్మ. చూస్తె నువ్వు తట్టుకోలేవు.”

“నర్సింహా… ఇదేంది? కాలిందా?”

“ఇస్త్రీ పెట్టె.”

“చెయ్యి జారిందా?”

“జారలేదు. నా చేతిల లేదు అది. నీకు ఒక్కడే కొడుకు. నీకు చెప్పద్దనుకున్న.”

“ఎందుకు? ఎందుకు గిట్ల జేసిండు?”

“అంగి కాలర్ కాడ మడతవడ్డదని.”

“తాగిండా?”

“తాగడు. తాగితె, తాగినందుకు అనుకుందును.”

“ఎప్పటిసంది?”

“పెండ్లైన కొత్తల మంచిగనే ఉండె. బతుకమ్మ పండుగ తర్వాత మొదలైంది. ముందుగాల మాటలు. తర్వాత చెయ్యి. ఇప్పుడు చేతికి ఏది దొరికితె అది.”

“మీ అమ్మోళ్లకు చెప్పలేదా?”

“చెప్తె మా నాయినను బజార్ల పట్టుకొని తంతా అన్నడు. తంతడు అత్తమ్మ. నాకెరుకే.”

“ఎప్పుడన్న గడె పెట్టుకొని లోపట ఉండరాదు?”

“ఉన్న. బాత్రూంల. గడె ఊడవీకిండు. ఏడుస్తానవా అత్తమ్మ?”

“లేదు.”

“నువ్వు ఏడ్వకు. నేను గూడ ఏడుస్తలేను సూడు.”

“మొన్న నేనొచ్చిన్నాడు నాకు కాళ్లు వత్తిండే వాడు. ‘అమ్మా, నడుము నొస్తాందా’ అనుకుంట. నా ముందట నిన్ను ‘కావ్యా, కావ్యా’ అని పిలిచె.”

“నీ ముందట గట్లనే ఉంటడు.”

“అదే నా బుద్ధికి పడ్తలేదు… ఫోన్. సిగ్నలొచ్చినట్టున్నది, మోగుతాంది.”

“ఆయనే. ఎత్తకు.”

“ఎత్తకుంటె అయితదా? లౌడ్ పెట్టు. నువ్వు మాట్లాడకు.”

“అమ్మా! మంచిగున్నవా? గుళ్లెనే ఉన్నరా?”

“ఉన్నం హరీ. నువ్వేడున్నవ్?”

“గుట్ట కిందనే. అయ్యగారు చెప్తె డ్యూటీల నుంచి అట్లనే బండి మీదొచ్చిన. డప్పులోళ్లు గూడ వచ్చిండ్రు. ఫికర్ చెయ్యకు. ఫోన్ దానికియ్యి.”

“దానికంటె?”

“గదే, నీ కోడలికి.”

“నాకే చెప్పు.”

“దవాఖాన అని చెప్పి గుట్టలెక్కుతాంది. నాకే అబద్ధం! నడువనియ్యి ఇంటికి, చెప్త.”

“నేనే తోలుకొచ్చిన. ఏం చెప్తవురా?”

“నువ్వు ఊకో అమ్మ. ఇది మొగడు పెండ్లాల ముచ్చట. మెట్లెక్కుతాన. నేనొస్తానని చెప్పు దానికి. గట్లనే చెప్పు.”

“హరీ. నా మాటిను. హరీ!”

“పెట్టేసిండు అత్తమ్మ.”

“ఆఁ.”

“డప్పులు వినవడ్తానయ్.”

“ఆఁ.”

“అగో, లేశింది. ఉరుకుతాంది! అటు, చెట్లల్లకు… అత్తమ్మ, పోయింది. గుడ్డెలుగు పోయింది!”

“చూసిన.”

“గొళ్లెం తీస్త మరి. ఆయన వచ్చేవరకు నేను బయట నిలవడాలె. లేకపోతె దాసుకున్న అనుకుంటడు, ఇంక ఎక్కువైతది. జరుగు అత్తమ్మ. గొళ్లెం మీదికెళ్లి ఆ చెయ్యి తియ్యి.”

“తియ్యకు బిడ్డా. గుడ్డెలుగే పోయింది. నా కొడుకు ఇంకా వస్తనే ఉన్నడు.”