పదేసి శీలావతులు

భీమవరం దాటాక పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల్లో ఒకేరోజు శీలావతి చేపపిల్ల వేశారు. ఎకరానికి ఎన్ని పిల్లలు వేయాలన్నది ఒకదానిలో మామగారి లెక్క, రెండోదానిలో కోడలి లెక్క. ఇవాళ వల వేసి, చెరో పది చేపలు తూస్తున్నారు. ఎవరివి బరువు తూగితే వచ్చే ఏడు వాళ్ళ లెక్కే. కోడలు పాపను చంకనెత్తుకుని గట్టు మీద, కాటా పక్కన నిలబడింది.

“ఎకరానికి నాలుగు వేలు వేశానమ్మా, తమాషానా! నావి ఎంత?”

“పదీ కలిపి ఏడు కేజీలండి, మామయ్యగారూ.”

“ఇప్పుడు నీవి. రెండు వేలే వేసి, సగం చెరువు ఖాళీగా ఉంచేశావు.”

“ఖాళీ కాదండి, ఊపిరాడే చోటు. మీవి తెల్లారేసరికి పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒంటికి చేపపేను పట్టి మచ్చలు కూడా పడ్డాయి.”

“కబుర్లొద్దు, కాటా చూడు.”

“నాకు భయమండి. మీరే చూడండి.”

“అంగన్‌వాడీలో పాపను తూచినా ఇంతే, కళ్ళు మూసేసుకుంటావు... ఇదేంటి, కాటా పాడైందా?”

“ఎంతండీ?”

“పదిహేను.”

“పాడవలేదండీ! ఇందాక మీవి తూచింది దీంతోనే!”

“నీ చేపల ఒంటి మీద ఒక్క మచ్చన్నా లేదే!”

“అయితే వచ్చే ఏడు...”

“రెండు చెరువుల్లోనూ రెండేసి వేలే. నీ మాటే.”

“ఓడిపోతే పులుసు నేనే వండుతానన్నారు కూడానండి.”

“అది ఎవరు విన్నారు?”

“అత్తయ్యగారు విన్నారండి.”

“అయితే తప్పదు. చింతపండు ఎక్కడుందో చెప్పి, మీ అత్తా కోడళ్ళిద్దరూ వంటింట్లోంచి బయటికి నడవండి. ఇరుకైతే నాకూ ఊపిరాడదు!”