పేర్లు పెట్టి వదిలేసినవి

భర్త నూరుల్లా చనిపోయిన నెలకు సైదున్నీసా అతని లాప్‌టాప్ తీసుకుని ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ షాపుకు వచ్చింది.

"ఈ ఫైళ్ల పేర్లన్నీ డబ్బాల మాదిరి కనపడతాండాయప్పా. తెరుచుకోవడం ల్యా."

"పేర్లు తెలుగులో పెట్టినాడక్కా. రాసుకునే ఈ పాత ఎడిటర్ సాఫ్ట్‌వేర్ చెడి, తెలుగు పేర్లు చదవడం ల్యా. ఇంగ్లీషులోకి మార్చేద్దామా?" అన్నాడు షాపతను.

"వద్దు. మా ఆయన పెట్టిన పేర్లు అట్లే ఉండనీ."

"అయితే కొత్త ఎడిటర్ ఎక్కిస్తా. ఇదిగో, వచ్చినాయి. 'గండికోటకు పోయిన రోజు'. 'వాన రాని ఏడు'. 'సైదాకు చెప్పాల్సింది'."

"సైదా అంటే నేనే. 'కతలు రాస్తాండా, పలకరించొద్దు' అంటాండె ఆయన. నేనొక్కదాన్నే తిని పండుకుంటాంటి. లోపల ఏం రాసినాడు?"

"ఏమీ ల్యాదక్కా. పేరు పెట్టి వదిలేసినాడు."

"నా పేరుండేది కూడానా?"

"అదీ ఖాళీనే. అన్నీ తెరిచి చూసినా."

ఆమె కుర్చీ లాక్కుని ఆ తెల్లటి తెర ముందు కూర్చుంది.

"మూసేయమంటావా అక్కా?"

"వద్దప్పా. తెలుగు ఎట్ల కొట్టాల్నో నాకు చూపించు. ఆయనకు నేను చెప్పాల్సినవి శానా ఉండాయి."