కోలుకున్న నగరం

కదలకండి అయ్యగారూ, కత్తి గొంతు దగ్గరుంది. కోపంతో అంటున్న మాట కాదు, వృత్తిధర్మంగా చెబుతున్నాను.

మొన్న మీరు తనిఖీకి వచ్చి వెళ్లి, మమ్మల్ని ‘కోలుకున్న నగరం’ అని తేల్చారటగా? అందుకే కదా ప్రాంతీయ ప్రభుత్వం మాకు చేయూత మానేసి, ఆసుపత్రిలో రక్తం శుద్ధిచేసే యంత్రాలను పొరుగూరికి తరలిస్తోంది. తప్పు మీదని అనను. కంటికి కనబడిందే రాశారు.

కనబరచింది మేము. మీరు వస్తున్నారని తెలియగానే మేయరుగారు ఊరందరినీ పిలిచి, ‘అతిథికి ముఖం చూపుతాం గాని పుండు చూపుతామా?’ అన్నారు. ఔననిపించింది. చితికినా పరువు గల ఊరండీ మాది.

మిల్లు మూతపడి ఇళ్లలో చతికిలబడ్డవాళ్లందరికీ ఈ కుర్చీలోనే గడ్డాలు గీశాను. ఉతికిన చొక్కాలు తొడిగి, సంచుల్లో పాత గుడ్డలు కుక్కి, సరుకులు కొన్నట్టు బజారంతా తిప్పాం. ‘పని ఎలా ఉంది పెద్దాయనా?’ అని మీరొకణ్ణి అడిగారు, గుర్తుందా? ‘క్షణం తీరిక లేదండీ’ అన్నాడు. ఆ మాట నోటికి వచ్చి ఎన్నేళ్లయిందో పాపం, అంటుంటే వాడి ముఖం వెలిగిపోయింది. మీరు నమ్మక ఏం చేస్తారు? మేమే నమ్మాం ఆ పూటకి.

ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అంటారే, అదీ మా వైభవం. పొరుగూరివాళ్లు గడుసువాళ్లు. అడగందే అమ్మైనా పెట్టదని ఎరుగుదురు. మిమ్మల్ని కావాలనే మురుగుకాలువ వెంట నడిపించారట, బూటు చీలమండ దాకా దిగబడిందట గదా. నవ్వకండి, తెగుతుంది.

మళ్లీ ఒకసారి చూసి, మార్చి రాయడం...

ఊఁ. వీల్లేదంటారు. అంతేలెండి, మీ పైనా పైవాళ్లుంటారు.

మా ఆవిడ వారం వారం ఆ యంత్రం మీదే బతుకుతోంది. పొరుగూరికి బస్సా, పొద్దున్నే ఒక్కటి, అదీ కిక్కిరిసి. కూర్చునే ఓపికైనా లేని మనిషి ఎంతకాలమని నిలబడి వెళుతుంది? నాలుగుసార్లు వెళ్లి, ఇక నావల్ల కాదంటుంది. నేను బతిమాలతాను. వినదు.

అయింది, తువ్వాలుతో తుడుచుకోండి.

ఇంటికి వెళ్లగానే ‘అయ్యగారు ఏమన్నారు?’ అని అడుగుతుంది. ఊరు కళకళలాడుతోందన్నారని చెబుతాను. ఆ రోజు ఖాళీ దుకాణాలన్నిటికీ పరదాలు కుట్టింది తనే మరి.

సంతోషిస్తుంది.