హామీ సంతకం

బ్యాంకులో లోన్ల కౌంటరు ముందు తల్లీ కూతురూ కూర్చున్నారు. కాగితాల మీద చదువుకోబోయే మనిషి పేరు తల్లిది, హామీదారు పేరు కూతురిది.

"అమ్మా, ఇంత అప్పు చేసి చరిత్రలో డిగ్రీ చదువుతావా? అది చదివినవాళ్ళకి మొదట్లో ఎంత జీతం ఇస్తారో తెలుసా?"

"తెలుసు. నాకిప్పుడు మీ నాన్న ఇచ్చేదానికన్నా ఎక్కువే."

"నాన్న నీకు జీతం ఇవ్వరు కదా."

"నేనూ అదే చెప్తున్నా."

"వచ్చే ఆ కాస్తా వాయిదాలకే సరిపోతుంది. అప్పు తీరేసరికి నీకు అరవై దాటతాయి."

"అందుకేగా బ్యాంకువాడు నీ సంతకం అడిగాడు. నా ఆయుష్షు మీద వాడికి నమ్మకం లేదు."

"వేళాకోళం కాదు. నువ్వు కట్టలేకపోతే నా నెత్తిన పడుతుంది."

"నీ ఇంజనీరింగు అప్పుకి మీ నాన్న హామీ ఉండేలా పోరింది ఎవరనుకున్నావు? అదీ నువ్వు లెక్కల్లో రెండుసార్లు తప్పాక."

"మెల్లగా మాట్లాడు, కౌంటర్లో అమ్మాయి వింటోంది. సరే, నిజం చెప్పు. నీకెందుకీ చదువు?"

"మీ నాన్న రోజూ భోజనాల దగ్గర రాజుల సంగతులు చెప్తారు కదా. అందులో సగం కోతలేనని నా అనుమానం. పెళ్ళైనప్పటి నుంచీ 'అలాగాండీ' అంటూ వడ్డిస్తున్నాను. ఒక్కసారి 'కాదండీ' అనాలనుంది."

"దానికి డిగ్రీ ఎందుకు? ఇవాళే అనెయ్యి."

"మొన్న అన్నాను. 'నీకేం తెలుసు' అన్నారు."

కూతురు హామీ కాగితాన్ని తన ముందుకు లాక్కుంది.

"పెన్ను ఇలా ఇవ్వు," అంది.