మొదట దిగాల్సిన సాంచె

సిరిసిల్లలో పొద్దున ఏడింటికి, పికప్ వెనుక తగిలించిన ట్రాలీ చుట్టూ వదిన ఒకసారి తిరిగి వచ్చింది. మరిది అప్పటికే అందులోని సాంచెకు, అంటే మరమగ్గానికి, తాడు ముడి వేస్తున్నాడు.

“గంత బరువు సాంచెను తోక కొసకు పెట్టినవేంది, మరిదీ?”

“పదింటికి ముహూర్తం, వదినా. హుజూరాబాద్ల మన కొత్త షెడ్డుల మొదాలు సాంచెనే దిగాలె అన్నడు అయ్యగారు. కొసకుంటే టక్కున దించుతం.”

“షెడ్డు దాకా ఎందుకు, మొదటి మలుపులనే దిగుతది.”

“జర మంచి మాట మాట్లాడరాదు!”

“పికప్‌కు తగిలించిన కొండి దిక్కు చూడు. ట్రాలీ ముక్కు లేచి పికప్‌ను ఎన్కకెళ్లి లేవట్టింది. గిట్ల పోతే రోడ్డు మీద ట్రాలీ తోక ఊపుతది. పదిహేనేండ్లు మంది సాంచెలు నడిపిన. నా సొంతానికి గిదే మొదటిది. దాన్ని గుంతల వడేస్తవా?”

“మరి ఏడ పెట్టమంటవ్?”

“చక్రాలకు జరంత ముందట, నడిమిట్ల. నూలు మూటలు ఎన్కకు. రెండు దిక్కుల తాళ్లు గుంజి కట్టు.”

అతను ఇద్దరు హమాలీలను పిలిచి సాంచెను జరిపించాడు. కొండి మీద బరువు కూర్చుంది. ట్రాలీ సమంగా నిలిచింది.

“నిలవడ్డది గని, ముహూర్తమో? మూటలన్నీ దించేసరికి పదకొండైతది. అన్న ఆడ కొబ్బరికాయ పట్టుకొని నిలవడ్డడు.”

“సాంచెల దారం పట్టుకొని అటిటు ఉరికే నాడె తీసి నా కొంగుల మూటగట్టుకున్న. పదింటికి గదే లోపల అడుగు వెడ్తది. అదీ సాంచెదే గదా?”

“అయ్యగారు ఒప్పుకుంటడా?”

“సాంచె దిగాలె అన్నడు గని, మొత్తం దిగాలె అన్లే. నువ్వు స్పీడు నలభై దాటకు. మొదటి తువాల నీకే నేస్త.”