తేనెజిగురుతో తెల్లకణాలకు బుద్ధి చెప్పిన వైనం

టైలరు భార్యకి కీళ్ళవాతం. మాత్రలు నిండుకుంటే కొనడానికి బయల్దేరిన టైలర్ని టీ కొట్టు దగ్గర పట్టేసుకున్నాడు మా కోతలరాయుడు. ఈ రాయుడి ఉద్యోగం లేబరేటరీలో గాజు గిన్నెలు కడగడం.

"ఇంకా ఆ మాత్రలే మింగిస్తున్నావా మా చెల్లెమ్మ చేత? కూర్చో. డాక్టర్లకేం తెలుసు, చీటీ రాయడం తప్ప? ఒంట్లో తెల్లకణాలుంటాయి. రోగాల మీద పడమంటే సొంత కీళ్ళ మీద పడి కొరుకుతున్నాయి, అదీ జబ్బు. వాటికి మొగుడు తేనెపట్టు జిగురు. తేనె కాదయ్యా, తేనె ఎవడైనా నాకుతాడు. ఈగలు చెట్ల బంక తెచ్చి పట్టులో సందులు పూడుస్తాయే, అది. మా పెద్ద సారు దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గిన్నెలో కణాల మీద ఒక్క చుక్క వేసి, 'కొంచెం నెమ్మదించాయి, మనిషి ఒంట్లో ఏమవుతుందో ఇంకా తెలీదు' అని నసుగుతాడు. చదువుకున్నవాడి పిరికితనం. ఆయన భోజనానికెళ్ళగానే నేనేం చేశానో తెలుసా?"

"గిన్నెలు కడిగావు," అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు టీ కాచుకో. సీసా ఎత్తి సగం గుమ్మరించాను. మైక్రోస్కోపులో చూద్దును కదా, తోసుకుంటున్న కణాలు ఠక్కున ఆగిపోయాయి. సిగ్గుతో తలలు దించుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసనకే పక్క గిన్నెల్లోవీ ఆగాయి, బీరువాలో తాళం వేసినవీ ఆగాయి. ఘాటు మెట్లెక్కి పైకి పోతే, అక్కడ ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు ప్రొఫెసర్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. కిటికీ దాటి ఎదురు ఆసుపత్రిలోకి పోతే, ముసలాళ్ళు చేతికర్రలు విసిరేసి పరుగు, వెనకాల బిల్లులు పట్టుకుని డాక్టర్లు."

"పోలీసులు రాలేదా?" అన్నాను.

"వచ్చారు. వాసన తగిలి వాళ్ళూ శాంతించారు."

మేం పగలబడి నవ్వాం. టైలరు నవ్వలేదు. కోతలరాయుడు జేబులోంచి ఒక నల్లసీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"పొద్దునా సాయంత్రం సగం గ్లాసు పట్టించు. మాత్రలు చెత్తబుట్టలో పడెయ్."

టైలరు మూత తీసి వాసన చూశాడు. ఆశ మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది, నిజంగానే పట్టించేస్తాడేమోనని నాకు భయం వేసింది.

"అన్నా, ఆగిపోయిన కణాలు మళ్ళీ కదిలాయా?" అన్నాడు టైలరు.

"కదలడమా? ఈ రోజుకీ ఒక్కటి కదిలితే నా మీసం తీసేస్తాను."

టైలరు మూత బిగించి సీసాని బల్లమీద పెట్టాడు.

"అయితే అవి శాంతించలేదన్నా. చచ్చిపోయాయి. మా ఆవిడ లేచి నాలుగడుగులు వెయ్యాలని నా ఏడుపు, ఎప్పటికీ కదలకుండా పడుండాలని కాదు," అని మందుల షాపు వైపు నడిచాడు.